రెండో పలక మీద బొట్టు

టెన్నిస్ రాకెట్ పిడికి ఎనిమిది పలకలు ఉంటాయని మా అపార్ట్‌మెంటులో తెలియనివాళ్ళు లేరు. ఎందుకంటే అందరికీ నేనే చెప్పాను. లిఫ్టులో చెప్పాను, పార్కింగులో చెప్పాను, ఇస్త్రీ బట్టలు తెచ్చిచ్చే ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పాను. రాకెట్‌ను నేలకి నిలువుగా, అంచు పైకి ఉండేట్టు పట్టుకుంటే పైన కనిపించేది ఒకటో పలక. అక్కడినుంచి కుడివైపుకి లెక్కపెట్టుకుంటూ పోతే రెండు, మూడు, నాలుగు. చూపుడువేలి మొదలు ఏ పలక మీద ఆనిందన్నదే అసలు విషయం. రెండు మీద ఆనితే కాంటినెంటల్ పట్టు, సుత్తి పట్టుకున్నట్టు ఉంటుంది. మూడు మీదైతే ఈస్టర్న్, షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు. నాలుగూ ఐదూ దాకా పోతే వెస్టర్న్, నేల మీది పెనం ఎత్తినట్టు. సర్వీసుకి రెండు మంచిదంటారు, ముందువైపు నుంచి కొట్టే దెబ్బకి మూడో నాలుగో మంచిదంటారు. ఇంత తేలికైన సంగతిని జనం ఎందుకు శ్రద్ధగా వినరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాకు అన్ని పట్లూ తెలుసు. వచ్చిన చిక్కల్లా అదేనంటుంది మా ఆవిడ కాత్యాయని.

ఆవిడ పీయూ కాలేజీలో, మన ఇంటర్ పిల్లలకన్నమాట, కెమిస్ట్రీ చెబుతుంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మేనేజర్ని, అంటే ఎవరో కష్టపడి రాసినదాంట్లో తప్పులు వెతికి జీతం తీసుకుంటాను. బెంగళూరు వర్తూరులో ఈ ఫ్లాటు కొనుక్కుని నాలుగేళ్ళయింది. ఫ్లాటుతోపాటు ఒక టెన్నిస్ కోర్టు కూడా వచ్చింది కాబట్టి ఇద్దరం నలభై దాటాక ఆట మొదలుపెట్టాం. నేను పుస్తకాలు చదివి, వీడియోలు చూసి, రాకెట్ పిడి మీద స్కెచ్ పెన్నుతో నంబర్లు వేసుకుని నేర్చుకున్నాను. ఆవిడ రాకెట్ తీసుకుని ఆడేసింది. ఇప్పుడు మా బ్లాకులో ఆడవాళ్ళలో ఆవిడే ఫస్టు. నేను మగవాళ్ళలో ఎన్నోవాణ్ణో అసోసియేషన్ వాళ్ళు మర్యాదకొద్దీ ప్రకటించలేదు.

ప్రతి దసరాకీ అపార్ట్‌మెంటులో మిక్స్‌డ్ డబుల్స్ పోటీ ఉంటుంది. మూడేళ్ళు ఇద్దరం కలిసి ఆడాం, మూడేళ్ళూ మొదటి రౌండులోనే ఇంటికొచ్చాం. కారణం నా సర్వీసు. సర్వీసుకి రెండు అవకాశాలిస్తారు, రెండూ పోగొట్టుకుంటే పాయింటు ఎదుటివాళ్ళకి పోతుంది. పోయినేడు ఒక్క మ్యాచ్‌లో నేను పద్నాలుగు పాయింట్లు అలా దానం చేశాను. చేసి ఊరుకోలేదు, ప్రతిసారీ కాత్యాయని దగ్గరికి వెళ్ళి ఇందాక ఏ పట్టు పట్టానో, ఎందుకు పట్టానో వివరించాను. ఆ రోజు రాత్రి ఆవిడ పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. కావాలనే అని నా అనుమానం.

ఈ ఏడు పోటీకి పది రోజుల ముందు క్లబ్‌హౌస్ బోర్డు మీద లిస్టు పెట్టారు. జంటల పేర్లు ఎవరికి వాళ్ళే రాసుకోవాలి. మా ఆవిడ చేతిరాత చూసి దగ్గరికి వెళ్ళాను. 'కాత్యాయని' అని ఉంది. తర్వాత ఒక గీత. గీత తర్వాత ఖాళీ.

ఇంటికెళ్ళి అడిగాను.

"అదేంటి, ఖాళీ వదిలావు?"

"ఇంకా ఫైనల్ చెయ్యలేదు," అంది పేపర్లు దిద్దుకుంటూ.

"నేనున్నాగా."

"మీరున్నారు. మీ సర్వీసు ఎక్కడుందో మీకే తెలీదు. జెస్సీకి మోకాలు బెణికిందట, ఈసారి ఆడదట. స్టాన్లీ ఖాళీగా ఉన్నాడు."

జెస్సీ భర్త స్టాన్లీది మా ఎదురు ఫ్లాటు. గుంటూరువాడు, మంచివాడు, చెయ్యెత్తు మనిషి. అతను సర్వీసు చేస్తే బంతి కనిపించదు, వెనకాల జాలీకి తగిలిన చప్పుడు వినిపిస్తుంది. పలకల సంగతి అతనికి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ "ఓహో" అన్నాడు.

"చూడండి," అంది కాత్యాయని పెన్ను కింద పెట్టి. "ఏదో ఒక పట్టు ఫిక్స్ చేసుకోండి. విజయదశమి పొద్దున ఏడింటికి టెస్టు. పది సర్వీసులు, ఆరు నెట్టు అవతలి బాక్సులో పడితే పాస్. ఫెయిలయితే ఆ ఖాళీలో స్టాన్లీ పేరు మీరే రాయాలి, మీ చేత్తోనే. ఎనిమిదింటికి లిస్టు క్లోజ్."

"నా చేత్తోనే ఎందుకు?"

"మీ రైటింగ్ బాగుంటుంది కదా."

నవ్వుతూనే అంది, కానీ నాకు నవ్వు రాలేదు. కప్పు రాకపోతే పోయింది, దాన్ని పెట్టడానికి మా ఇంట్లో అరల్లో చోటు కూడా లేదు. నా బాధ వేరు. పగలంతా ఆవిడ కాలేజీ, నా ఆఫీసు. సాయంత్రం ఆవిడకి పేపర్లు, నాకు అమెరికావాళ్ళతో కాల్స్. పొద్దున్న కోర్టులో గడిపే ముప్పావుగంటే మేమిద్దరం ఒకే వైపు నిలబడేది. అక్కడ ఇంకొకడు నిలబడి "మీదే, మీదే" అని ఆవిడకి బంతి వదులుతుంటే నేను జాలీ బయట నిలబడి చప్పట్లు కొట్టాలా? నావల్ల కాదు.

ఆ పది రోజులూ నేను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ల్యాప్‌టాప్‌లో ఒక షీటు చేశాను. ఏ రోజు ఏ పట్టు, ఎన్ని లోపల, ఎన్ని బయట, గాలి ఎటు, అన్నీ రాశాను. సోమవారం కాంటినెంటల్. మంగళవారం ఈస్టర్న్. బుధవారం మళ్ళీ కాంటినెంటల్, కానీ పిడికి టేపు రెండు చుట్లు చుట్టి. గురువారం ఆ టేపు లావైందనిపించి విప్పేశాను. ఒకరోజు ఆఫీసులో తెలీక అరచెయ్యి చూపిస్తూ మాట్లాడితే, మీటింగులో ఉన్న అందరూ నా చేతిలో ఊదారంగులో అచ్చుపడిన నాలుగో నంబరు చూశారు. "నాలుగు బగ్సా సార్?" అని అడిగాడొకడు. అవునన్నాను. ఇంకేం చెప్పను?

కోర్టు చూసుకునే వెంకటరమణప్ప ఇదంతా గమనిస్తున్నాడు. ఆయనది ఇక్కడి పాత కుటుంబం. ఈ బిల్డింగులు రాకముందు ఈ చోట ఆయన రాగి చేలే ఉండేవట. ఇప్పుడు పొద్దున్నే కోర్టు ఊడ్చి, నెట్టు బిగించి, గీతలు కడుగుతాడు. ఒకరోజు చీపురు ఆనించి నా దగ్గరికొచ్చాడు.

"ఏమప్పా, దినానికొక రకంగా పట్టుకుంటా ఉండావు?"

నేను ఎనిమిది పలకలూ వివరించాను. ఆయన మధ్యలో ఎక్కడా ఆపకుండా విన్నాడు.

"అన్నీ మంచివే," అన్నాడు చివరికి. "ఒకటి పట్టుకో. బోండాం కొట్టేవాడు కత్తి ఎట్ల పట్టుకోవాలని ఫోను చూస్తాడా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. బోండాం కదలదు, బంతి కదులుతుంది అన్నాను. ఆయన అదీ నిజమేనంటూ చీపురు తీసుకుని వెళ్ళిపోయాడు. ఒప్పుకున్నా నాకు కోపం తెప్పించే మనిషి ఆయన.

ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు బెంగళూరులో బొట్టు లేని యంత్రం ఉండదు. బస్సులకీ ఆటోలకీ అరటి పిలకలు, వీధి వీధినా పగిలిన బూడిద గుమ్మడికాయలు, మా ఆఫీసులో సర్వర్ గదికి కూడా చామంతి దండ. నేను నాలుగింటికల్లా ఇంటికొచ్చేశాను. మర్నాడే టెస్టు, ఆ సాయంత్రం చివరి ప్రాక్టీసు. రాత్రే పిడికి కొత్త తెల్ల టేపు చుట్టి పెట్టుకున్నాను, నంబర్లు కూడా వేయలేదు. తీరా చూస్తే సంచీలో రాకెట్ లేదు.

"పూజలో ఉంది," అంది కాత్యాయని.

"రేపు టెస్టు పెట్టుకుని ఇవాళ పూజలో పెడతారా ఎవరైనా?"

"మా కాలేజీ పిల్లలు పుస్తకాలు పెట్టరా?"

క్లబ్‌హౌస్‌కి పరుగెత్తాను. వెంకటరమణప్ప అపార్ట్‌మెంటులోని రాకెట్లన్నీ పోగుచేసి బోర్డు కింద వరసగా పెట్టాడు. పక్కన నీళ్ళ పైపు, నిచ్చెన, నెట్టు బిగించే మర, గడ్డి కోసే మిషను. బోర్డుకి అటూ ఇటూ అరటి పిలకలు, లిస్టులూ నోటీసులూ కనపడకుండా అడ్డంగా చామంతి దండలు. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని బొరుగులు తింటున్నాడు.

"పది నిమిషాలకి నా రాకెట్ ఇవ్వు అప్పా."

"ఈ పొద్దు ముట్టకూడదు సార్. అవీ రెస్టు తీసుకుంటా ఉండాయి. రేపు పొద్దున హారతి ఇచ్చి తీస్తాను. సుమ్నే కూర్చో, బొరుగులు తిను."

ఊరికే కూర్చోవడం నావల్ల అయ్యే పని కాదు. ఇంటికొచ్చి అద్దం ముందు అట్లకాడతోనైనా పట్టు సరిచూసుకుందామనుకున్నాను. అట్లకాడకి బొట్టుంది. పప్పుగుత్తికి ఉంది. దుమ్ము పీల్చే మిషనుకి ఉంది, స్క్రూడ్రైవర్లన్నిటికీ తలా ఒకటి ఉంది. ఆ ఇంట్లో బొట్టు లేకుండా ఏ పనికీ రాని వస్తువుగా నేనొక్కణ్ణే మిగిలాను.

విజయదశమి పొద్దున ఏడుకి పది నిమిషాలుండగా వెంకటరమణప్ప హారతి ఇచ్చి ఎవరి రాకెట్ వాళ్ళకి ఇచ్చాడు. అందరి రాకెట్లకీ తీగల మధ్య బొట్టుంది. నాదానికి మాత్రం పిడి మీద, తెల్ల టేపు మీద, రూపాయంత ఎర్రటి బొట్టు. నూనెలో కలిపిన కుంకుమేమో, ఇంకా తడిగానే ఉంది. అంచు పైకి తిప్పి చూశాను. సరిగ్గా రెండో పలక. ఈయన చెయ్యి తగిలి అక్కడ పడిందనుకున్నాను, కానీ దేవుడే చెప్పాక ఇంకేముంది, కాంటినెంటల్ ఫిక్స్ అనుకుని కోర్టులోకి నడిచాను.

కాత్యాయని నెట్టు పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆవిడ ఒళ్ళో కాగితం, చేతిలో పెన్ను. నాకు పదో తరగతి గుర్తొచ్చింది.

మొదటిది గీత దాటి ఎక్కడో పడింది. రెండోది నెట్టులో. మూడోది లోపల పడింది, ఎలా పడిందో నాకు తెలీదు. నాలుగోది జాలీ దాటి పార్కింగులోకి వెళ్ళి, దండలతో సింగారించిన ఎవరి కారు మీదో దిగింది.

"ఆగండి," అని లేచొచ్చింది కాత్యాయని. "చెయ్యి చూపించండి."

అరచెయ్యి చాపాను. రెండు చోట్ల ఎర్రగా ఉంది.

"చూపుడువేలి మొదట్లో ఇదొకటి," అంది వేలితో చూపిస్తూ. "అంటే పట్టుకున్నప్పుడు రెండో పలక మీదే సరిగ్గా పెడుతున్నారు. బొటనవేలి మొదట్లో ఇంకోటి. ఇది తర్వాతది. బంతి పైకి ఎగరేశాక, అది గాల్లో ఉండగా, రాకెట్‌ని చేతిలో తిప్పేసుకుంటున్నారు. మొదలు కరెక్టే. బంతి పైకెళ్ళాక మీరు మనసు మార్చుకుంటున్నారు."

వాదిద్దామని నోరు తెరిచాను. నా పాత లెక్కలన్నీ గుర్తొచ్చాయి. చిక్కపేట మెట్రో స్టేషనులో ఒక గేటు వైపు వెళ్తూ వెళ్తూ ఇంకో గేటుకి తిప్పి, ఆవిడని చీరల దుకాణం మూసే వేళకి చేర్చింది నేనే. ఎయిర్‌పోర్టుకి బయల్దేరి మూడుసార్లు దారి మార్చి, ఆవిడ తమ్ముడు అక్కడ లగేజీతో నిలబడి ఉంటే దేవనహళ్ళి కోట గోడ ముందు కారు ఆపింది నేనే. నిలబడి తినే దర్శిని హోటల్లో ఇడ్లీ చెప్పి, ప్లేటు చేతికొచ్చాక మద్దూరు వడ కావాలనేది కూడా నేనే. ఇన్నాళ్ళూ తప్పు పట్టుదనుకున్నాను. పట్టుకి పాపం ఏ పాపమూ తెలీదు.

ఆవిడ తన టవలు తడిపి నా అరచెయ్యి శుభ్రంగా తుడిచింది.

"టెస్టు పెట్టేవాళ్ళు ఇలా సాయం చెయ్యొచ్చా?" అన్నాను.

"ప్రాక్టికల్స్‌లో చేస్తాం. ఇంకా ఆరున్నాయి, అయిదు పడాలి."

అయిదోది ఎగరేశాను. బంతి పైకి లేవగానే బొటనవేలు కదలబోయింది. దాన్ని ఆపడం ఎంత కష్టమో చెబితే నవ్వుతారు. ఈ పట్టుతో బంతి పక్కకి పోతుంది, కొద్దిగా తిప్పితే పోయేదేముంది అని లోపల ఒకడు గొణుగుతూనే ఉన్నాడు. తిప్పలేదు. కొట్టాను. బాక్సులో పడింది. ఆరోదీ పడింది. ఏడోది నెట్టుకి తగిలి నా వైపే జారింది. ఎనిమిది లోపల. తొమ్మిది లోపల, అదీ మూలకి. వెంకటరమణప్ప ఊడవడం మానేసి గీత పక్కకొచ్చి నిలబడ్డాడు.

అయిదు పడ్డాయి. ఒకటి మిగిలింది. సరిగ్గా అప్పుడే స్టాన్లీ జాలీ బయటికొచ్చి, రాకెట్ భుజాన వేసుకుని, "రిలాక్స్‌గా కొట్టండి గురూజీ," అన్నాడు. మంచివాడే అని ఇందాక అన్నాను, ఆ మాట అలాగే ఉంచుతున్నాను.

పదోది ఎగరేశాను. లోపలివాడు మళ్ళీ గొణిగాడు. ఈస్టర్న్ అయితే మెల్లగా పడేస్తుంది, సేఫ్, ఇది ఆఖరుది, ఆలోచించుకో అన్నాడు. నేను వినలేదు. చెయ్యి పూర్తిగా చాచి కొట్టాను. నా జన్మలో అలాంటి చప్పుడు నా రాకెట్ నుంచి రాలేదు. బంతి నెట్టు మీదుగా దూసుకుపోయి, గీతకి రెండంగుళాలు అవతల పడింది.

"లోపలే అప్పా," అన్నాడు వెంకటరమణప్ప. ఆయన గీతకి అడుగు దూరంలో ఉన్నాడు, బంతి ఎక్కడ పడిందో నాకంటే బాగా చూశాడు.

ఆ గీతల మీద నేను ఈ అపార్ట్‌మెంటులో గొడవ పడని మనిషి లేడు. ఒకసారి ఫోన్లో ఫొటో తీసి అసోసియేషన్‌కి పంపాను కూడా. కానీ ఆవిడ అక్కడ కూర్చుని ఉండగా ఆ అబద్ధంతో ఆవిడ పక్కన నిలబడబుద్ధి కాలేదు.

"అవుట్," అన్నాను.

కళ్ళు మండాయి, చెమటే అనుకున్నాను. కాత్యాయని బంతి పడిన వైపు చూడనే లేదు, తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"చెయ్యి."

చాపాను. చూపుడువేలి మొదట్లో ఒక్కటే ఎర్ర మచ్చ. దాన్ని కాసేపు చూసింది. తర్వాత తన పెన్ను ఆ చేతిలోనే పెట్టింది.

"ఎనిమిదవుతోంది. వెళ్ళి రాయండి."

క్లబ్‌హౌస్ యాభై అడుగుల దూరం. నా కాళ్ళకి ఆ రోజు అది చాలా దూరమైంది. దారిలో ఒక సంగతి ఒప్పుకున్నాను. ఆవిడ అన్యాయమేం చేయలేదు. మూడేళ్ళు నా పక్కన నిలబడి ఓడింది, ఒక్కసారైనా గెలవాలని ఆవిడకి మాత్రం ఉండదా? స్టాన్లీ పేరు గుండ్రంగా, అందంగా రాయాలని నిశ్చయించుకున్నాను. దండలు ఇంకా తీయలేదు. ఒక చేత్తో చామంతుల్ని పైకెత్తి లిస్టు చూశాను.

ఖాళీ లేదు.

కాత్యాయని, గీత, మల్లికార్జున్. ఆవిడ రాతే, ఫార్ములాలు రాసినట్టు ముక్కుసూటిగా ఉండే రాత. నా పేరు చివర కాగితం మీద ఒక ఎర్రటి వేలిముద్ర ఉంది.

వెంకటరమణప్ప వెనకాలే వచ్చాడు, దండలు విప్పడానికి.

"ఇది ఎప్పుడు రాసింది?" అని అడిగాను.

"నిన్న పొద్దున్నే రాసిరి అప్పా. నేను అన్నింటికీ తీగల మీదే బొట్టు పెడతా ఉంటే, నీదొకటి అమ్మ తీసుకునిరి. అంచు పైకి నిలబెట్టి, ఒకటి, రెండు అని ఎంచి, పిడి మీద పెట్టిరి. ఆ చేత్తోనే పెన్ను తీసుకుని ఈడ రాసిరి. చెయ్యి తుడుచుకో అమ్మా అంటిని, వినలేదు."

ఒకటి, రెండు. ఎంచిందట.

నాలుగేళ్ళుగా ఆ పలకల గురించి నేను ఆవిడ తల తిన్నాను. భోజనం దగ్గర, కారులో, పేపర్లు దిద్దుతుంటే పక్కన నిలబడి. ఏనాడూ తల ఎత్తలేదు, ఊఁ కొట్టలేదు. లిఫ్టులో చెప్పిందీ పార్కింగులో చెప్పిందీ ఎవడూ వినలేదు, వినరని నాకూ తెలుసు. విన్నది ఒక్క మనిషి. నేను గుమ్మంలో నిలబడి ఇరవై రెండు రాకెట్లలోంచి నాది తెచ్చుకోవాలని గింజుకుంటున్నప్పుడే నా పేరు ఆ దండల వెనక ఉంది.

పెన్ను జేబులో పెట్టుకుని తిరిగి కోర్టుకి వచ్చాను. కాత్యాయని వెనక గీత దగ్గర బంతి నేలకేసి కొడుతూ నిలబడి ఉంది. ఆవిడ చేతిలో రాకెట్ నాలుగో పలక దగ్గరుంది, సర్వీసుకి అది తప్పు పట్టు. చెబుదామని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"రాశారా?" అంది నా వైపు చూడకుండా.

"పెన్నుతో పని పడలేదు."

"మరి ఈ టెస్టు ఎందుకని అడగరా?"

"అడగను."

"మంచిది. పదింటికి మ్యాచ్. ఇంకో పది వెయ్యండి, ఆ ఆఖరుదాని లాంటివి, రెండంగుళాలు ఇవతల." బంతి నా వైపు విసిరి నెట్టు దగ్గరికి నడిచి, ఎప్పుడూ నిలబడే చోట నిలబడింది, నాకు వీపు పెట్టి.

పిడి మీద బొట్టు సగం చెరిగిపోయింది. చూపుడువేలు దాని మీద పెట్టాను. బంతి ఎగరేశాను. అది పైకి వెళ్ళి, ఒక క్షణం ఆగి, కిందికి రావడం మొదలుపెట్టేదాకా నాకు ఇంకో ఆలోచన రాలేదు.